కొలైటిస్‌కు బయోకెమిక్ లవణాలు పనిచేస్తాయా?

పరకాల_సునీత: మా పాపకు 19 ఏళ్లు, అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు. హన్మకొండలో ఒక హోమియో డాక్టర్ ఫెర్రమ్ ఫాస్, కాలీ మ్యూర్ 6ఎక్స్ అనే బయోకెమిక్ లవణాల బిళ్లలు ఇచ్చారు. రోజుకు నాలుగుసార్లు, నాలుగేసి బిళ్లలు. మూడు వారాల్లో మోషన్స్ పది నుంచి నాలుగుకు తగ్గాయి. ఇంకెవరైనా వాడారా?

కాజీపేట_రవి: సునీతక్కా, 6ఎక్స్ అంటే పదిలక్షల పాళ్లలో ఒక పాలు మందు. మిగతాదంతా పాల చక్కెర. కాలీ మ్యూర్ అంటే పొటాషియం క్లోరైడ్. ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో అదే లవణం లీటరు నీళ్లకు 1.5 గ్రాములుంటుంది. మీ పదహారు బిళ్లలు కలిపినా అందులో వెయ్యో వంతు రాదు.

ఓరుగల్లు_బిడ్డ: సైంధవ లవణం వాడండి, సహజమైనది.

కాజీపేట_రవి: అందులోనూ ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే, మన వంటింటి ఉప్పే. అక్కా, పాప హిమోగ్లోబిన్ ఎంత?

పరకాల_సునీత: 8.2. ఐరన్ కోసమే ఫెర్రమ్ ఫాస్ ఇచ్చారు.

కాజీపేట_రవి: ఆ బిళ్లలతో రక్తం పెరగదక్కా. ఈ జబ్బులో హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువుంటే ఐరన్ నరానికి ఎక్కించడమే మేలని యూరప్ వైద్యుల మార్గదర్శకాలు చెప్తున్నాయి. పదిలక్షల్లో ఒక వంతు...

పరకాల_సునీత: మళ్లీ అదే లెక్క! రాత్రి నాలుగుసార్లు లేచే పిల్ల ఇప్పుడు తెల్లారేదాకా పడుకుంటోంది. అది మీ లెక్కలో ఎక్కడుంది?

నర్సంపేట77: అన్నా, ఆమె ఒకటడిగితే మీరు పది చెప్తున్నారు.

కాజీపేట_రవి: చెప్తా. మా అన్న కూడా తగ్గిందని మందులు మానేశాడు. ఏడు నెలలు బాగానే ఉన్నాడు. ఈ జబ్బు తనంతట తాను తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. లేచిన రోజు బాత్రూం గచ్చంతా రక్తం, నేనే కడిగాను. పెద్దపేగు తీసేసి పొట్టకు సంచి పెట్టారు. సూటిగా అడుగుతున్నా, పాపకు ఇంగ్లీషు మందులు నడుస్తున్నాయా లేదా?

పరకాల_సునీత: లేదు. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బిపోయి, కాలేజీకి పోనని తలుపేసుకుంది. ఎన్నాళ్లు వాడాలని అడిగితే ఆ డాక్టర్ చీటీ మీద నుంచి తలెత్తలేదు. ఈ హోమియో ఆయన అరగంట కూర్చోబెట్టి విన్నారు. నా బిడ్డ గోడు విన్నది ఆయనొక్కరే. మూడు వారాల కింద అన్నీ ఆపేశాం.

సుబేదారి_మెడికల్: అమ్మా, స్టెరాయిడ్ ఎన్ని రోజులు వాడారు?

పరకాల_సునీత: ఆరు వారాలు.

సుబేదారి_మెడికల్: అయితే ఈ తగ్గుదల దానిదే కావచ్చు. స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఒక్కసారిగా ఆపకూడదు. కళ్లు తిరగడం, వాంతులు, బాగా నీరసం ఉంటే ఈ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేకున్నా రేపు పొద్దున చూపించండి. స్టెరాయిడ్‌తో పాటు ఇంకో మాత్ర ఉండాలే?

కాజీపేట_రవి: అక్కా, గట్టిగా మాట్లాడాను, ఏమనుకోవద్దు. ఆ హోమియో బిళ్లలు మింగితే మింగనీ. అసలు మందు మాత్రం ఆపకండి.

పరకాల_సునీత: నీరసంగానే ఉంది, రక్తం తక్కువ కదా అనుకున్నాం. డబ్బాలో ఇంకో రేకు ఉంది, మెసలమైన్ 1.2 గ్రాములు అని రాసుంది. ఇది స్టెరాయిడ్ కాదా? అన్నీ ఒకటే అనుకుని దీన్నీ ఆపేశాం.

సుబేదారి_మెడికల్: కాదమ్మా. జబ్బు మళ్లీ లేవకుండా ఆపేది అదే. దానితో ముఖం ఉబ్బదు. ఆ రేకు, పాత చీటీ రెండూ పట్టుకుని ఇప్పుడే బయల్దేరండి.