అప్‌డేట్: రేకుల చప్పుడుకు అమ్మ పడే భయం

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మేము బరంపురంలో రేకుల ఇంట్లో ఉన్నాము. డాబా ఇంటికి మారాక తగ్గిన అమ్మ భయం, పాత ఇంట్లో రేకుల చప్పుడు వినగానే ఎందుకు తిరగబెట్టిందని లోగడ అడిగాను. ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు.

నాకు అర్థమైనది ఇది. చెవిన పడిన శబ్దం మెదడులో ఇంద్రియాల కబురు చేరవేసే థాలమస్ మీదుగా, భయాన్ని నేర్చుకునే భాగమైన అమిగ్డాలాకు చేరుతుంది. ఒకసారి ఆ శబ్దం ప్రాణభయంతో ముడిపడితే అక్కడి నాడీకణాల మధ్య సంధులు బలపడి, ఆ తరువాత శబ్దం ఒక్కటే మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ద్వారా గుండె దడనూ, నడిమెదడు ద్వారా ఒళ్ళు బిగుసుకుపోవడాన్నీ రప్పించగలదు. అమ్మది వట్టి చాదస్తమని ఇన్నాళ్ళూ అన్న బంధువులకు ఈ మాట తప్పక చెప్పాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది రెండో సంగతి. భయం తగ్గడమంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదట. ‘ఇప్పుడు ప్రమాదం లేదు’ అనే కొత్త పాఠాన్ని మెదడు ముందుభాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నేర్చుకుని అమిగ్డాలాను అదుపు చేస్తుంది. అయితే ఆ పాఠం ఏ చోట నేర్చుకున్నదో జ్ఞాపకాలను చూసుకునే భాగమైన హిప్పోక్యాంపస్ గుర్తుంచుకుంటుంది కనుక, డాబా ఇంట్లో కుదిరిన ధైర్యం పాత ఇంటి గడప దాటేసరికి పనిచేయలేదు.

మానసిక వైద్యురాలి సలహాపై ఇప్పుడు వారానికోసారి అమ్మను అక్కడికే తీసుకువెళ్తున్నాము. మొన్న ఆదివారం గాలి వీస్తుండగానే అరగంట అరుగు మీద కూర్చుంది; నా చెయ్యి మాత్రం వదలలేదు.