ఫ్యాక్టరీ చైనా నుంచి అమెరికాకి తిరిగొస్తే పాత జీతాలూ వస్తాయా? లెక్కలు తెలిసినవాళ్ళు రాయండి

లూయీవిల్_వాకిలి
జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) వారి జియోస్ప్రింగ్ వాటర్ హీటర్‌తో మొదలుపెడదాం. మొదట చైనాలో కాంట్రాక్టు ఫ్యాక్టరీ చేసిపెట్టేది, అమెరికాలో ధర 1,599 డాలర్లు. 2012లో తయారీని కెంటకీలోని లూయీవిల్‌లో తమ ఫ్యాక్టరీల సముదాయం అప్లయన్స్ పార్కుకి తెచ్చారు. డిజైన్ వాళ్ళ పక్కన వెల్డర్లనీ కూర్చోబెట్టాక అసలు సంగతి బయటపడింది: లోపలి రాగి గొట్టాలు మెలికలు మెలికలుగా ఉన్నాయి, వెల్డింగ్ చేయాలంటే నరకం. చైనాలో కూలీ చౌక కాబట్టి ఆ మెలికల ఖర్చు ఎవరికీ కనపడలేదు. గొట్టాల దారి మార్చి గీశారు. సామాను ఖర్చు పాతిక శాతం తగ్గింది, పది గంటల పని రెండు గంటలకి దిగింది, ధర 1,299కి వచ్చింది.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. కొత్తగా చేరినవాళ్ళకి గంటకి ఇచ్చింది మాత్రం 13.50 డాలర్ల చిల్లర. అదే పనికి అంతకుముందు మొదలు జీతమే దాదాపు 8 డాలర్లు ఎక్కువ. 2016లో ఆ వ్యాపారం చైనా కంపెనీ హయర్ చేతికి వెళ్ళింది, ఆ హీటర్ తయారీ కూడా ఆ ఏడాదితోనే ఆగింది. పని వచ్చింది, జీతం రాలేదు. ఎక్కడ జారిపోతోంది?

కంటెయినర్_రాజు
ముందు పని ఎందుకు వస్తుందో, ఎందుకు రాదో చూడాలండీ. కొనుగోలు డిపార్ట్‌మెంటు చూసేది ఒక్క అంకె, ఎఫ్‌ఓబీ ధర, అంటే సరుకు అక్కడ ఓడెక్కించేదాకా అయ్యే ధర. ఉదాహరణకి ఒక ప్లాస్టిక్ భాగం చైనాలో 10 డాలర్లు, ఒహాయోలో 13 అనుకోండి. 10కి ఓడ ఖర్చు 80 సెంట్లు కలపండి. మామూలు సుంకం 3 శాతం, చైనా సరుకు మీద సెక్షన్ 301 కింద వేసిన అదనపు సుంకం 25 శాతం, రెండూ కలిపి 2.80. ఆర్డరు నుంచి గోడౌనుకి 75 రోజులు డబ్బు ఇరుక్కుంటుంది, ఏడాదికి 20 శాతం చొప్పున 56 సెంట్లు. తనిఖీ, తిరుగుపనికి 20 సెంట్లు. మొత్తం 14.36. ఒహాయో సరుకు 15 రోజుల్లో వస్తుంది కాబట్టి 13.11.

ఇప్పుడు ఆ 301 తీసేసి చూడండి, చైనా సరుకు 11.76కి దిగిపోతుంది. అంటే ఒహాయో గెలిచింది కేవలం సుంకం మీద. పదేళ్ళు నడవాల్సిన మిషన్‌ని, నెలకో రకంగా మారే సుంకాన్ని నమ్మి ఎవరు కొంటారు? 2025లో చాలామంది చేతులు కట్టుకు కూర్చున్నది అందుకే.

మన వాళ్ళు తరచూ చేసే తప్పు ఒకటి: ఇండియాలో కస్టమ్స్ సీఐఎఫ్ (సరుకు, ఇన్సూరెన్సు, ఓడ ఖర్చు కలిపిన ధర) మీద వేస్తారు, అమెరికాలో ఓడ ఖర్చు, ఇన్సూరెన్సు పక్కన పెట్టి లెక్కేస్తారు. ఇండియా ఎక్సెల్ షీటు తెచ్చి వాడితే సుంకం ఎక్కువ చూపిస్తుంది.

అచ్చుల_సుబ్బు
రాజు గారి లెక్కలో అచ్చు (మోల్డ్) లేదు. ఇంజెక్షన్ మోల్డింగ్‌లో, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి నెట్టి భాగం చేసే పనిలో, సరుకు వెనక్కి రావడమంటే మోల్డ్ వెనక్కి రావడమే. వరసగా చెప్తాను.

మోల్డ్ ఎవరి పేరున ఉందో ఒప్పందంలో చూసుకోండి. ఒప్పందంలో మోల్డ్‌ని టూలింగ్ అంటారు: "టూలింగ్ ఖర్చు ఇచ్చాం" వేరు, "టూలింగ్ మాది" వేరు. బయల్దేరేముందు ఆఖరి షాట్‌లో (మోల్డ్ ఆఖరిసారి నింపినప్పుడు) వచ్చిన భాగాలు, ప్రాసెస్ షీటు (మిషన్ సెట్టింగుల కాగితం), డిజైన్ క్యాడ్ ఫైళ్ళు చేతికి రావాలి. పాత భాగం లేకపోతే ఇక్కడ వచ్చిన తేడా మోల్డ్‌దా మిషన్‌దా అన్న గొడవ తెగదు. లోపలి నీటి దారులు ఊది ఆరబెట్టి, తుప్పు పట్టకుండా నూనె కొట్టి పెట్టెలో పెట్టమనండి. నెల రోజులు సముద్రపు గాలి మీద వస్తుంది మరి.

దిగాక మొదటి తంటా నీళ్ళ ఫిట్టింగులు. అక్కడ బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత) మర, ఇక్కడ ఎన్‌పీటీ (అమెరికా కొలత). మొదటి రెండు చుట్లు ఎక్కుతుంది, సరిపోయిందనుకుని బిగిస్తారు, నీళ్ళు కారతాయి. అర అంగుళం, ముప్పావు అంగుళంలో రెండిటికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి ఇంకా మోసం చేస్తుంది, మర కోణం మాత్రం 55, 60 డిగ్రీలు. తర్వాత కరెంటు: అక్కడ మూడు ఫేజులు 380 వోల్టులు, 50 హెర్ట్జ్, ఇక్కడ 480, 60. పక్కన వచ్చిన చిల్లరు (నీళ్ళు చల్లబరిచేది), డ్రయరు (ప్లాస్టిక్ గింజలు ఆరబెట్టేది) అలాగే తగిలించకండి. ఇక మోల్డ్ వెడల్పు మిషన్ టై బార్ల (మోల్డ్ చుట్టూ ఉండే కడ్డీల) మధ్య పడుతుందా లేదా అన్నది కొలవాల్సింది ఓడ ఎక్కించకముందు, దింపాక కాదు.

ఇవన్నీ సరిచేసేది టూల్ అండ్ డై మేకర్, అంటే అచ్చులు చేసి బాగుచేసే పనివాడు. ఆ అప్రెంటిస్‌షిప్ మామూలుగా 8,000 గంటలు, అంటే నాలుగేళ్ళు. సుంకం సంతకంతో వేయొచ్చు, ఈ మనిషిని సంతకంతో తేలేం.

జీతాల_చిట్టా
సుబ్బు గారూ, ఆ ఆఖరి ముక్కే అసలు విషయం. మరి ఆ మనిషికి జీతం ఎందుకు పెరగట్లేదు? అమెరికా దిగుమతి వాషింగ్ మెషిన్ల మీద 2018లో వేసిన సుంకం చూడండి. ఫెడరల్ రిజర్వ్, షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తలు లెక్క తీశారు: వాషర్ ధర 86 డాలర్లు పెరిగింది, సుంకమే లేని డ్రయర్ 92 డాలర్లు పెరిగింది. రెండూ జంటగా కొంటారు కాబట్టి కంపెనీలు రెండిటి మీదా పంచేశాయి. వచ్చిన ఉద్యోగాలు దాదాపు 1,800. ఒక్కో ఉద్యోగానికి జనం జేబులోంచి పోయింది ఏడాదికి 8 లక్షల డాలర్ల పైమాటే. అందులో కార్మికుడికి ముట్టినదెంత?

బ్యాక్‌లాగ్_బాబాయ్
ఫ్యాక్టరీలు సరే. మా హైదరాబాద్ ఐటీ ఆఫీసుల సంగతో? కొత్త హెచ్‌1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారుగా, ఇక పనంతా హైదరాబాద్‌కేనా?

పన్ను_పంతులు
ఆ లక్ష 2025 సెప్టెంబరు 21 తర్వాత, దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్లకి. రెన్యువల్‌కి కాదు. నా లెక్కలో అది హైదరాబాద్ ఆఫీసుకే మేలు చేస్తుంది: మనిషి రాలేకపోతే పని అటు వెళ్తుంది.

దానికి అడ్డం పడేది అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 174. 2025 జులై చట్టం తర్వాత అమెరికాలో చేసిన సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఖర్చు అదే ఏడాది ఖర్చు కింద రాసేసుకోవచ్చు. బయట చేయిస్తే 15 ఏళ్ళ మీద పంచి రాసుకోవాలి, అదీ మొదటి ఏడాది సగం వాటానే. 30 లక్షల డాలర్ల పని హైదరాబాద్‌లో చేయిస్తే మొదటి ఏడాది ఖర్చు కింద ఒప్పుకునేది లక్షే. మిగతా 29 లక్షల మీద 21 శాతం, అంటే 6.09 లక్షల పన్ను ముందే కట్టాలి. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, చిన్న స్టార్టప్ విలవిల్లాడుతుంది. కాల్ సెంటరు, మామూలు సపోర్టు పనులకి ఇది తగలదు, కంగారుపడకండి.

బ్యాక్‌లాగ్_బాబాయ్
కంగారు కాదులెండి, ఈఎంఐ ఉంది.

లూయీవిల్_వాకిలి
మళ్ళీ జీతం దగ్గరికి వద్దాం. అప్లయన్స్ పార్కులో 1973లో 23,000 మంది ఉండేవారు. 2025లో వాషర్ల తయారీ చైనా నుంచి అక్కడికే తెస్తామని ప్రకటించారు, 49 కోట్ల డాలర్ల పెట్టుబడి, 800 ఉద్యోగాలు. సంఖ్య చూస్తే చాలు, పాత రోజులు ఇలా రావు.

జీతాల_చిట్టా
సంఖ్య తగ్గినా జీతం నిలబెట్టొచ్చు, కాగితం సరిగ్గా రాసుకుంటే. రెండు చోట్ల చూడండి. ఒకటి యూనియన్ ఒప్పందం. డెట్రాయిట్ మూడు కార్ల కంపెనీల్లో 2007లో రెండంచెల జీతం (పాతవాళ్ళకి ఎక్కువ, కొత్తవాళ్ళకి తక్కువ) తెచ్చారు. 2023 సమ్మె తర్వాత కొత్తవాడు పై జీతానికి చేరే గడువు ఎనిమిదేళ్ళ నుంచి మూడేళ్ళకి దిగింది. ప్రైవేటు రంగంలో యూనియన్లో ఉన్నది నూటికి ఆరుగురు కూడా లేరు, కాబట్టి ఈ దారి అందరికీ లేదు.

రెండోది రాష్ట్రం ఇచ్చే రాయితీ. విస్కాన్సిన్లో తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2017లో 13,000 ఉద్యోగాలన్నది, 2021లో ఒప్పందం మార్చి 1,454కి దించుకుంది. రాయితీ ఉద్యోగాలకి ముడిపెట్టి ఉండబట్టి అదీ సుమారు 300 కోట్ల నుంచి 8 కోట్ల డాలర్లకి తగ్గింది. రాయితీ ఒప్పందం రాసేటప్పుడు "సగటు జీతం" అని రాయనివ్వకండి, నలుగురు మేనేజర్ల జీతం కింద నలభై మంది దాక్కుంటారు. "ఏ ఉద్యోగికీ గంటకి ఇంతకి తగ్గరాదు" అని ఉండాలి. ఇవ్వకపోతే డబ్బు వెనక్కి లాగే షరతు అదే పేరాలో ఉండాలి.

కంటెయినర్_రాజు
ఏజెన్సీ ద్వారా తెచ్చిన టెంపరరీ వాళ్ళు ఆ ఉద్యోగాల లెక్కలోకి వస్తారా?

జీతాల_చిట్టా
"కంపెనీ సొంత పేరోల్ మీద ఉన్నవాళ్ళు" అన్న మాట లేకపోతే వచ్చేస్తారు. అందరికన్నా ముందు చూడాల్సిన లైను అదే.