గుట్టుచప్పుడు కాకుండా: ఇందులో గుట్టు సంగతేంటి?

పాలకొల్లు నుంచి (చర్చ మొదలుపెట్టినవారు):

డ్యూస్ ఎక్స్ అనే కంప్యూటర్ ఆటల గురించి రాస్తూ "గుట్టుచప్పుడు కాకుండా పని చక్కబెట్టేవాళ్ళ కోసమే పుట్టిన ఆట" అన్నాను. మా చిన్నాన్న కొడుకు చదివి ఒక మెలిక పెట్టాడు. "అన్నయ్యా, చప్పుడు కాకుండా అంటే చప్పుడు లేకుండా. మరి గుట్టు కాకుండా అంటే? అందరికీ తెలిసేలాగా అనేగా!" వాడికి ఏం చెప్పాలో తోచక ఇక్కడ పెడుతున్నాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మొదటిది 2000లో వచ్చింది. అయాన్ స్టార్మ్ వాళ్ళ ఆస్టిన్ స్టూడియోలో వారెన్ స్పెక్టర్ చేయించాడు. కథ 2052లో నడుస్తుంది, ఒంట్లో నానో యంత్రాలున్న జేసీ డెంటన్ అనే ఏజెంటు మనం. 2011లో ఐడాస్ మాంట్రియల్ వాళ్ళ హ్యూమన్ రివల్యూషన్ వచ్చింది. ఇది దానికి ముందు జరిగే కథ, 2027 నాటిది. యంత్రపు చేతులు పెట్టించుకోవాల్సి వచ్చిన ఆడమ్ జెన్సన్ అనే సెక్యూరిటీ అధికారి హీరో. ఆ తర్వాత 2016లో మ్యాన్‌కైండ్ డివైడెడ్. (2003లో వచ్చినదాని జోలికి నేను పోను.) తుపాకీ పట్టుకుని ముందు గుమ్మంలోంచి వెళ్ళొచ్చు, గాలి గొట్టంలో పాక్కుంటూ వెళ్ళొచ్చు, కంప్యూటర్ హ్యాక్ చేసి తలుపు తీయించుకోవచ్చు. ఎలా వెళ్తావన్నది నీ ఇష్టం.

అమలాపురం నుంచి (తెలుగు మాస్టారు):

మీ తమ్ముడు గట్టివాడండి. "గుట్టు కాకుండా" అని విడిగా ఎవరూ అనరు. "గుట్టు రట్టు కాకుండా" అంటాం. ఆ రట్టు జారిపోయి, మిగిలిన గుట్టు పక్కనున్న చప్పుడుతో కలిసిపోయిందని నా ఊహ. గుట్టుగానూ, చప్పుడు కాకుండానూ అని విడదీసినా అర్థం కుదురుతుంది. ఎలా చూసినా మాట తప్పు కాదు. జంటపదాల్లో రెండో మాటకి తగిలిన క్రియ మొదటిదానికీ సరిపోవాలన్న పట్టింపు వాడుకకి ఉండదు.

దీన్ని "సడీచప్పుడు లేకుండా"తో పోల్చి చూడండి. సడి అన్నా చప్పుడన్నా ఒకటే, అక్కడ ఉన్నదంతా మోత గురించే. గుట్టుచప్పుడులో అలా కాదు. చప్పుడు చెవికి సంబంధించింది. గుట్టు అంటే తెలియడానికి సంబంధించింది, వచ్చి వెళ్ళిన సంగతే ఎవరికీ తెలియకపోవడం. రెండు వేరువేరు పనులు.

పాలకొల్లు నుంచి:

మాస్టారూ, మీకు తెలియకుండానే ఆటలోని పెద్ద తగాదాలో వేలు పెట్టారు!

హ్యూమన్ రివల్యూషన్లో ఒక లక్ష్యం పూర్తిచేసేలోపు ఏ అలారమూ మోగకపోతే 250 పాయింట్లు. శత్రువు కంట అసలు పడకపోతే ఇంకో 500. రెండోదాని పేరు ఘోస్ట్, అంటే దెయ్యం. చప్పుడుకి ఒక రేటు, గుట్టుకి రెట్టింపు రేటు. మీరు చెప్పిన తేడా వాళ్ళు ముందే పట్టుకున్నారన్నమాట.

తాడేపల్లిగూడెం నుంచి:

పట్టుకోలేదండి. ఆ ఘోస్ట్ బహుమతి ఎలా వస్తుందో చూడండి. ఒక్కొక్క కాపలావాడి వెనక్కి చేరి, స్పృహ తప్పేలా కొట్టి, ఈడ్చుకెళ్ళి మూల పడేసినా వస్తుంది. లేచాక వాళ్ళందరికీ తలనొప్పే సాక్ష్యం కాదా? ఇందులో గుట్టెక్కడ? పైగా కొట్టినవాడికల్లా పాయింట్లొస్తాయి, చంపకుండా కొడితే ఇంకొన్ని ఎక్కువ. ఎవర్నీ ముట్టుకోకుండా జారుకున్నవాడికి ఆ పాయింట్లు లేవు. పాస్‌వర్డ్ చేతిలో ఉన్నా టైప్ చేయకుండా హ్యాక్ చేసేవాళ్ళున్నారు, హ్యాకింగ్‌కి పాయింట్లని. దాంతో జనం మేస్త్రీ దగ్గర కూలి లెక్క రాయించుకున్నట్టు ఆడతారు.

2000 నాటిది ఇలా కాదు. అక్కడ పాయింట్లు కొత్త చోటు కనిపెట్టినందుకు, పని పూర్తిచేసినందుకు. చంపినందుకు లేవు. అందుకే పక్కనుంచి జారుకుంటే నష్టపోయినట్టు అనిపించదు. తల లేని లిబర్టీ విగ్రహం ఉన్న దీవిలో మొదటి పని అయ్యాక ఆయుధాల గదికి వెళ్తే, నువ్వు జనాన్ని చంపుకుంటూ వచ్చావా, చూసీచూడనట్టు వచ్చావా అన్నదాన్నిబట్టి అక్కడి పెద్దాయన మాట మారుతుంది. పాయింట్ల కంటే ఆ మాటే నాకు గుచ్చుకుంది.

రాజోలు నుంచి:

హ్యూమన్ రివల్యూషన్ 2011లో వచ్చినప్పుడు ఒక్క గుద్దు గుద్దితే జెన్సన్ ఒంట్లో ఒక బ్యాటరీ ఖాళీ. తనంతట తాను నిండేది మొదటి బ్యాటరీ ఒక్కటే. మిగతావాటికి చాక్లెట్ ముక్క లాంటిది తినాలి. ఇంతింత యంత్రపు చేతులు పెట్టుకుని ఇదేం ఖర్మండి బాబూ.

ఆకివీడు నుంచి:

నాకు రొయ్యల చెరువుంది, రాత్రుళ్ళు నేనే కాపలా. ల్యాప్‌టాప్‌లో ఈ ఆట ఆడేదీ ఆ షెడ్డులోనే. కాపలావాడి తరఫున రెండు మాటలు చెప్పనివ్వండి.

మాకు చప్పుడు భయం కాదు. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు రాత్రంతా హోరెత్తుతూనే ఉంటాయి. ఆ హోరు ఆగితేనే టెన్షన్. కరెంటు పోయిందంటే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున అయితే మరీ ప్రమాదం. గాఢనిద్రలో ఉన్నా నిశ్శబ్దానికి లేచి కూర్చుంటాం. కాబట్టి మా చెరువు మీద చప్పుడు చేయనివాడు దొరకడని ఏమీ లేదు. ఏమారి ఏం వదిలేశాడన్నదే లెక్క. వల పక్కకి జరిగిందా, గట్టు మీద కొత్త అడుగులున్నాయా, కుక్క ఎటు చూస్తోంది అని చూస్తాం.

ఆటలో కాపలావాళ్ళకి ఈ ధ్యాసే ఉండదు. ఒకే దారిన వెళ్తారు, అదే దారిన వస్తారు. ఏదో కదిలిందని వెతుకుతారు, కాసేపటికి "ఏమీ లేదులే" అనుకుని పాత చోటుకి పోతారు. ఇంకా విచిత్రం, జెన్సన్ తను పనిచేసే సరీఫ్ ఇండస్ట్రీస్ ఆఫీసులోనే తోటివాళ్ళ గదుల్లో దూరి సొరుగులన్నీ ఊడ్చేసినా మర్నాడు ఒక్కడూ నోరెత్తడు. మాస్టారు చెప్పిన గుట్టు ఈ ఆటకి తెలియదు. తెలిసింది చూపు, చప్పుడు, అంతే.

పాలకొల్లు నుంచి:

ఒప్పుకుంటున్నాను. పాయింట్ల లెక్క చూసి గుట్టుకి రెట్టింపు రేటన్నాను గానీ, వాళ్ళు రేటు కట్టింది చూపుకి.

అయినా నాకు ఈ ఆట మీద ఇష్టం తగ్గలేదు. ఆటలో వచ్చే హెంగ్షా నగరంలో పైకప్పుల మీద తిరిగినంతసేపు గుట్టుగానే ఉన్నట్టుంటుంది. ఆటంతా పరుచుకున్న ఆ నలుపు, బంగారు రంగు కొందరికి పడదు, నాకు బాగుంది. నా కోపమల్లా బాస్ పోరాటాల మీదే, అంటే ఒక పెద్ద శత్రువుని ఓడిస్తేగానీ ముందుకి పోనివ్వని ఘట్టాలు. పది గంటలు ఎవర్నీ చంపకుండా, పాయింట్లన్నీ హ్యాకింగ్ శక్తి పెంచుకోవడానికే వాడుకుని వచ్చినవాణ్ణి ఒక గదిలో పడేసి తలుపేసి, ఎదురుగా ఫిరంగి చేతివాణ్ణి నిలబెడితే ఎలా? ఆ పోరాటాలు బయటి కంపెనీకి అప్పజెప్పి చేయించినవి, ఆ తేడా తెలిసిపోతుంది. 2013లో డైరెక్టర్స్ కట్ అని మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ గదుల్లో గాలి గొట్టాలు, హ్యాక్ చేసే కంప్యూటర్లు పెట్టారు. కాస్త ఊపిరాడింది. చంపక తప్పదన్నది మాత్రం అలాగే ఉండిపోయింది.

అమలాపురం నుంచి (తెలుగు మాస్టారు):

నాకు ఆటలు తెలియవు గానీ, ఇంగ్లీషులో స్టెల్త్ అంటున్నదానికి మీరు తెలుగులో ఏమంటారు? పొంచి ఉండడం అంటే తప్పవుతుంది. పొంచినవాడికి మీద పడే ఉద్దేశం ఉంటుంది. నక్కినవాడికి తప్పించుకుంటే చాలు.

తాడేపల్లిగూడెం నుంచి:

భలే. అయితే ఆట మమ్మల్ని నక్కమని పిలిచి, పొంచడానికి పాయింట్లిస్తోందండి. గోడ వెనక ఒదిగే కవర్‌కి మాత్రం మేం చాటు అనే అంటాం.

యానాం నుంచి:

ఒంటిమీద మాయ కప్పుకుని కనబడకుండా పోయే శక్తికి "కనికట్టు" బాగుంటుంది. బ్యాటరీ తాగేస్తుంది, అది వేరే బాధ.

రాజోలు నుంచి:

మొదటి ఆటలో జేసీ అన్న పాల్ చేసేది చూశాక "ఇంటి గుట్టు లంకకు చేటు" గుర్తొచ్చింది. ఆడనివాళ్ళ కోసం ఇంతకంటే చెప్పను. లంకలవాళ్ళం, ఆ సామెత మామీద కాదని మాత్రం మనవి.

పాలకొల్లు నుంచి (చిన్నాన్న కొడుకు):

ప్రశ్న వేసింది నేనేనండి. మాస్టారి గుట్టు రట్టు వివరణ నచ్చింది. ఇప్పుడు ఆట కూడా ఆడాలనుంది. దేనితో మొదలుపెట్టాలి?

తాడేపల్లిగూడెం నుంచి:

2000 నాటిదే గొప్పది తమ్ముడూ, కానీ దాంతో మొదలుపెడితే పాత బొమ్మలకీ, గురి కుదరని తుపాకులకీ విసుగొచ్చి వదిలేస్తావు. ముందు హ్యూమన్ రివల్యూషన్ ఆడు, డైరెక్టర్స్ కట్టే తీసుకో. పాయింట్ల వైపు చూడకు. తర్వాత పాతది. మ్యాన్‌కైండ్ డివైడెడ్‌లో ప్రాగ్ నగరం ఇల్లిల్లూ తిరగబుద్ధేస్తుంది, కథ మాత్రం మధ్యలో తెర దించేసినట్టు ఆగిపోతుంది. అది తెలిసి ఆడు.