పిల్లి లిట్టర్ ట్రే మానేసి పరుపు మీద పోస్తోంది, ఏం చేయాలి?

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా గండుపిల్లి పేరు జున్ను, మూడేళ్లుంటాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. పిల్లప్పటి నుంచి ట్రేలో తప్ప ఎక్కడా పోసి ఎరగదు. అలాంటిది ఈమధ్య ఉచ్చ ఒక్కటీ పరుపు మీద, బాత్రూమ్ ముందు పట్టా మీద పోస్తోంది. దొడ్డికి మాత్రం బుద్ధిగా ట్రేలోకే వెళ్తుంది. అదేం లెక్కో అర్థం కావట్లేదు. మేం ఉండేది మేడ మీద రెండు గదుల వాటాలో. వాసన మెట్లదాకా వస్తోందని కింద ఓనరుగారు ఇప్పటికే ఒక మాట అన్నారు. మా అత్తగారేమో, నేను పుట్టింటికెళ్లి వచ్చానని దానికి నా మీద కక్ష అంటారు. ఈ మధ్య మారినవి రెండే: ఇంటికి రంగులు వేయించాం, ట్రేలో పరిచే పాత లిట్టర్ షాపులో దొరక్క లావెండర్ వాసనది తెచ్చాం. మీ పిల్లులు ఎప్పుడైనా ఇలా చేశాయా?

జీడితోట (పలాస)

పిల్లికి పంతం ఎక్కువండి. ఒక రోజు తిండి ఆపి చూడండి, అదే దారికొస్తుంది.

గంటస్తంభం వీధి (విజయనగరం)

జీడితోట గారూ, ఆ సలహా ఇంకెవరికీ చెప్పకండి. తిండి ఆపినందుకూ ఉచ్చ పోసినందుకూ లంకె ఉందని పిల్లికి తెలియదు. పైగా లావుపాటి పిల్లి వరసగా రెండు మూడు రోజులు తినకపోతే లివరు పాడవుతుంది.

నాగావళి గారూ, మిగతావన్నీ తర్వాత. ముందు ఇది చెప్పండి. పరుపు మీద మడుగు కడుతోందా, చుక్కలు చుక్కలుగా పడుతోందా? మగపిల్లి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. గండుపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అందులో స్ఫటికాల పొడో, జిగటో అడ్డం పడితే ఉచ్చ బంద్. మా వీధిలోనే ఒకరింట్లో జరిగింది. పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతోంది, లేచి రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంటోంది, మధ్యలో ఏడుస్తోంది, కింద ఒకటే నాకుడు. ఇంట్లోవాళ్లు మలబద్ధకం అనుకుని పాలలో ఆముదం కలిపి పట్టారు. మర్నాటికి వాంతులు, కడుపు పట్టుకుంటే లోపల నిమ్మకాయంత గట్టిగా తగులుతోంది. అది నిండిపోయిన మూత్రసంచి. డాక్టరు సన్న గొట్టం వేసి తీసి, సెలైన్ పెట్టి బతికించాడు. ఇలా అడ్డుపడితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. రాత్రి పదకొండుకి ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారనివ్వకండి. ఎవరో ఒక డాక్టర్ని లేపాల్సిందే.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

చదువుతుంటేనే కాళ్లు వణికాయండీ. ఇప్పుడే వెళ్లి చూశాను. చుక్కలు కాదు, అరచేయంత మరకలు, ఒక్కోసారి ఇంకా పెద్దవి. కూర్చునే పోస్తుంది, అరవదు. తిండి మామూలే.

గంటస్తంభం వీధి (విజయనగరం)

హమ్మయ్య, అయితే ఇవాళ టెన్షన్ లేదు. అయినా ఒకసారి యూరిన్ పరీక్ష చేయించండి.

గరివిడి పాత విద్యార్థి

పైన చెప్పినదానికి కొంచెం కలుపుతాను. నేను గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. అడ్డుపడకుండానే మూత్రసంచి వాయడం పిల్లుల్లో మామూలు. వయసులో ఉన్న పిల్లుల్లో దీనికి సూక్ష్మజీవులు కారణం కావడం తక్కువ, ఎక్కువగా ఒత్తిడే. అందుకే ప్రతిసారీ యాంటీబయాటిక్ సూది వేయించమని డాక్టర్ని బలవంతపెట్టకండి. చాలావరకు వారం రోజుల్లో తనంతట తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది కూడా. అలాంటప్పుడు పిల్లికి ట్రేలో కూర్చుంటే నొప్పి వస్తుంది కదా, ఆ నొప్పిని అది ట్రేకి అంటగడుతుంది. నొప్పి పోయాక కూడా ట్రే అంటే భయం మిగిలిపోతుంది. మెత్తటి పరుపు నయం అనిపిస్తుంది.

నీళ్లు బాగా తాగించండి. ఎప్పుడూ పొడి గింజలే పెట్టే ఇళ్లలో ఈ బెడద ఎక్కువ. చేప ఉడికించిన నీళ్లు అన్నంలో కలపండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని చెడగొడతాయి. మన వైపు ఎండుచేప ముక్కలు వేసే అలవాటు ఉంది, అంత ఉప్పు పిల్లికి మంచిది కాదు. ఇంకో మాట. నొప్పిగా ఉందేమోనని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క విరిచి వేయకండి. పిల్లికి అది విషం, ఒక్క మాత్ర చాలు.

పదేళ్లు దాటిన పిల్లి ఉన్నట్టుండి ట్రే మానేస్తే కిడ్నీ, షుగరు, థైరాయిడ్ చూడాలి. కీళ్లు పట్టేసిన ముసలి పిల్లి ఎత్తు గోడల ట్రే దాటలేక పక్కన పోస్తుంది. ఒకవైపు అంచు కోసేస్తే సరిపోయే కేసులు చాలా చూశాను.

ఉద్దానం కొబ్బరి (కవిటి)

వాసన లిట్టర్ మీదే నా అనుమానం. లావెండర్ మన ముక్కుకి బాగుంటుంది. పిల్లి ముక్కుకి అది మన మొహం మీద అత్తరు సీసా ఒంపినట్టు.

మా ఊళ్లో లిట్టర్ ఏ షాపులోనూ దొరకదు, కొరియర్లో తెప్పించుకోవాలి. అందుకని దొరికినవన్నీ వేసి చూశాం. సముద్రపు ఇసుక ఉప్పు పోయేదాకా కడిగి ఎండబెడితే పనికొస్తుంది. వానాకాలంలో ఎండదు, తడి ఇసుకలో మా పిల్లి కాలు పెట్టదు. ఏటి ఇసుక దానికంటే మేలు, కాకపోతే ఉచ్చ అడుగుకి దిగిపోతుంది, రోజూ మొత్తం మార్చాలి. ఊక గుచ్చుకుంటుంది, తేలిగ్గా ఉండి ఫ్యాను వేస్తే ఇల్లంతా ఎగురుతుంది. రంపపు పొట్టు సన్నదైతే తుమ్ములు. పొయ్యి బూడిద మాత్రం వద్దు. కాళ్లకంటుకుని అది నాకుతుంది, నోరు పుళ్లు పడుతుంది.

చివరికి కొబ్బరి పొట్టు దగ్గర ఆగాం. ఉద్దానంలో ఉంటూ ఇంకోటి వెతకడమే విచిత్రం. మొక్కలకి వాడే కోకోపీట్ ఇటుకలు ఎక్కడైనా దొరుకుతాయి. ఎరువు కలపనిది అడిగి తీసుకోండి. నీళ్లలో నానబెడితే ఉబ్బుతుంది. పలచటి గుడ్డలో వేసి, పిండి, మళ్లీ నీళ్లు పోసి పిండాలి. మొదటి నీళ్లు టీ డికాక్షన్ రంగులో దిగుతాయి, ఆ రంగు తగ్గేదాకా కడక్కపోతే పిల్లి పాదాలతో దుప్పట్ల మీద ముగ్గులు వేస్తుంది. ఎండలో కలియబెడుతూ గలగలలాడేలా ఆరబెట్టి రెండంగుళాల మందాన పరచండి. ఉచ్చని పీల్చేస్తుంది, వాసన చాలావరకు అణిగిపోతుంది. తడిసిన చోట రంగు ముదురుతుంది కాబట్టి అంతవరకు చేటతో ఎత్తి పారేయొచ్చు. వాడేసింది తోటలో కొబ్బరి మొదళ్లకి వేస్తాం, కూరమొక్కలకి మాత్రం వేయం.

ఏది మార్చినా ఒక్కరోజులో మార్చకండి. పాతదాంట్లో కొత్తది గుప్పెడు, తర్వాత సగం, అలా. లేదా రెండు ట్రేలు పక్కపక్కన పెట్టి ఒక్కోదాంట్లో ఒక్కోటి వేసి వదిలేయండి. తీర్పు అదే చెబుతుంది.

మా పాత పిల్లి సంగతి ఇంకా వేరు. అది అసలు ట్రే ఎరగదు, తోటలో మట్టి గీరుకునేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి తోట తోటంతా పడిపోయింది. దాని చోటు మీద మాన్లు, మట్టలు గుట్టపడ్డాయి. అది ఇంట్లో బియ్యం బస్తాల వెనక మొదలుపెట్టింది. కొన్న లిట్టర్ ముట్టలేదు. దాని తోట మట్టే తొట్టెలో పోస్తే ఆ పూటే వెళ్లింది. మట్టికి అలవాటుపడిన పిల్లికి మట్టే కావాలి.

బొబ్బిలి వీణ

మాకు లిట్టర్ తేడా కాదు, చోటు తేడా. అమ్మాయి పురిటికి వచ్చింది. పిల్లి వల్ల కడుపులో బిడ్డకి జబ్బు వస్తుందని ఎవరో చెప్పారు, అంతే, వియ్యపురాలు ఫోన్ మీద ఫోన్. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాలంతా. అమ్మాయి డాక్టరమ్మని అడిగితే ఆవిడ చాలా నిదానంగా చెప్పింది. ఆ జబ్బు టాక్సోప్లాస్మా. పిల్లి దొడ్డిలో వచ్చే గుడ్లు మనకి అంటుకునే దశకి రావాలంటే కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి గర్భిణి ట్రే ముట్టుకోకూడదు, ఇంకెవరైనా రోజూ తప్పకుండా ఎత్తెయ్యాలి. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూర వల్ల కూడా వస్తుందట. పిల్లిని తరిమేయక్కర్లేదు.

ఆవిడ మాట విని కూడా మా వారు ముందుజాగ్రత్త అంటూ ట్రేని డాబా మీదకి చేర్చారు. ఎండకి కాలే డాబా, పైగా అక్కడ కోతులు. పిల్లి ఎందుకెళ్తుంది? అమ్మాయి కోసం ఉతికి మడతపెట్టిన పాత చీరల దొంతర మీద కానిచ్చింది. ట్రే మళ్లీ వెనక వరండాలో పాత చోటే పెట్టాం, ఎత్తే పని ఆయనకే అప్పజెప్పాం.

జీడితోట (పలాస)

ఏటండీ, ఇంత ఉందా దీని వెనక! నేను పంతం అనే అనుకున్నాను. సరే, ఓనరుగారి విషయంలో నా సలహా పనికొస్తుంది: ఓ కేజీ జీడిపప్పు పట్టుకెళ్లండి.

మూడులాంతర్లు (విజయనగరం)

పిల్లి మారాం అనుకునేవి సగం మన పండగలే అండీ. మాది సిరిమాను తిరిగే దారిలో ఇల్లు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులు డప్పులు, బాణాసంచా, ఇంట్లో పాతిక మంది చుట్టాలు, మంచాల కింద కూడా సామాన్లే. మా ట్రే మెట్ల కింద ఉండేది. చెప్పులన్నీ అక్కడే విడుస్తారు, పిల్లలు అక్కడే దాక్కుంటారు. పిల్లి ట్రే వరకు వచ్చి, జనాన్ని చూసి వెనక్కి తిరిగి, చిన్నాన్నగారి సూట్‌కేసు తెరిచి ఉంటే అందులో కూర్చునేది.

ఇప్పుడు చుట్టాలు దిగకముందే వెనక గదిలోకి దాని ట్రే, నీళ్లు, మేం కప్పుకుని విడిచిన దుప్పటి చేరుస్తాం. తలుపు మూసి గొళ్లెం, బయట "తీయవద్దు" అని చీటీ. ట్రే ఒక మూల, తిండి గిన్నె ఎదురు మూల. తిండి పక్కన పిల్లి పోయదు. ట్రే తలుపుకి ఎదురుగా కాకుండా, మనిషి వస్తే కనిపించేలా, పారిపోవడానికి దారి ఉండేలా పెట్టాలి. మూతపెట్టిన గుడిసెలాంటి బాక్సు కొనకండి, వాసన లోపలే ఉడుకుతుంది.

మీ ఇంట్లో రంగులు వేశారన్నారు కదా, సామాను కూడా అటూ ఇటూ మార్చారా? ఆ పెయింటు వాసన ఒక్కటి చాలు దానికి. గోడల మీద అది రాసుకున్న సొంత వాసన మొత్తం పోయి ఉంటుంది.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

మార్చామండీ. ట్రే వాషింగ్ మెషిన్ పక్కకి వెళ్లింది. మెషిన్ తిరిగేటప్పుడు గదంతా అదురుతుంది.

ఇంకో ప్రశ్న. పరుపు మీద వాసన ఎలా వదిలించాలి? ఫినాయిల్ తుడిచాను, ఎండలో వేశాను. అయినా వానపడితే మళ్లీ కొడుతోంది.

గంటస్తంభం వీధి (విజయనగరం)

దొరికిపోయింది దొంగ. మెషిన్ పక్కనుంచి ముందు తీసేయండి.

ఫినాయిల్ మాత్రం మానేయండి. అందులోని రసాయనాలని పిల్లి లివరు అరిగించుకోలేదు. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది. బ్లీచింగ్ పౌడరు కూడా వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే ఘాటు విషవాయువు వస్తుంది. నాఫ్తలిన్ ఉండలు అసలే వద్దు, విషం. అమ్మోనియా ఉన్న క్లీనర్ పిల్లికి ఉచ్చ వాసనలాగే ఉంటుంది, ఇక్కడ పోయొచ్చు అని బోర్డు పెట్టినట్టే.

ఎంజైములున్న బట్టల సబ్బుపొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి మరక మీద ఒంపండి. మరక పైన ఎంత ఉందో లోపల అంతకంటే వెడల్పుగా ఉంటుంది, అక్కడిదాకా తడవాలి. కాసేపు నాననిచ్చి, నీళ్లతో తీసేసి, పాత తువ్వాలు వేసి మీద నిలబడి పీల్చేయండి. రుద్దకండి. దూది పరుపైతే లోపలి దూది పాడయ్యే ఉంటుంది, అంతవరకు తీయించి మళ్లీ కుట్టించడమే మార్గం. అప్పటిదాకా మీద రెక్సిన్ షీటు పరవండి.

గరివిడి పాత విద్యార్థి

శుభ్రం చేసిన చోట రెండో ట్రే పెట్టండి. బాత్రూమ్ పట్టా ఉన్న చోటు దానికి నచ్చింది కదా, పట్టా తీసేసి అక్కడే ట్రే. ఒక పిల్లికి రెండు ట్రేలు, రెండింటికి మూడు. చాలా పిల్లులు ఒకదాంట్లో ఉచ్చ, ఇంకోదాంట్లో దొడ్డి పెట్టుకుంటాయి. మీ జున్ను చేస్తున్నది అదే కావచ్చు. కొట్టడం, మూతి దాంట్లో రుద్దడం లాంటివి ఇంట్లో ఎవరూ చేయకుండా చూడండి. చాటుకెళ్లి పోయడం నేర్చుకుంటుంది.

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

అందరికీ థాంక్సండీ. యూరిన్ పరీక్షలో రక్తం కొంచెం కనిపించింది, క్రిములు లేవన్నారు. లావెండర్ సంచి ఓనరుగారి కారు కింద ఆయిల్ మరక మీద చల్లేశాం, ఆయన ఖుషీ. బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బు ఒకటి బాత్రూమ్ దగ్గర కొబ్బరి పొట్టుతో పెట్టాను. ఉచ్చ అందులోనే పోస్తోంది. పరుపు మీద మధ్యలో ఒకసారి పోసింది, ఆ రోజు ఇంట్లో డ్రిల్లింగ్ పని జరిగింది. పడకగది తలుపు పగలు మూసే ఉంచుతున్నాను. ఆపరేషన్ కూడా చేయించేద్దామంటున్నారు మావారు. అది చేయిస్తే ఇది పూర్తిగా పోతుందా?

గరివిడి పాత విద్యార్థి

రెండూ వేర్వేరు. కూర్చుని నేల మీదో పరుపు మీదో మడుగు కడితే అది ఉచ్చ. నిలబడి, తోక నిగడదీసి వణికిస్తూ గోడకో తలుపుకో వెనక్కి చిమ్మితే అది హద్దు గుర్తు. ఆపరేషన్ చేస్తే చిమ్మడం దాదాపు 90 శాతం గండుపిల్లుల్లో తగ్గుతుంది, కానీ మీది చిమ్మడం కాదు. అయినా చేయించండి. పోట్లాటలు, రాత్రంతా అరుపులు తగ్గుతాయి. మూత్రంలో రక్తం తగ్గాకే తేదీ తీసుకోండి.

కోట పక్క (విజయనగరం)

మధ్యలో దూరుతున్నాను. మాది ఆడపిల్లి, అది కూడా కిటికీ పరదాకి చిమ్ముతోంది. ఆడవి చిమ్మవంటారే?

గరివిడి పాత విద్యార్థి

చిమ్ముతాయి, తక్కువగా. ఆ కిటికీ బయట వీధిపిల్లి ఏదైనా కూర్చుంటోందేమో సాయంత్రం పూట చూడండి. ఉంటే కిటికీ కింది సగానికి కాగితం అంటించండి, అది కనపడకపోతే చాలాసార్లు ఆగిపోతుంది.