పొద్దున రన్నింగ్, సాయంత్రం ఈవెంట్స్... మధ్యల ఏం తాగాలె, ఏం తినాలె?

హన్మకొండ_1600:
అన్నలూ అక్కలూ, పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పరుగు, లాంగ్‌జంప్ లాంటి ఫిజికల్ టెస్టులకి, ప్రిపేర్ అవుతున్న, బరువు 62 కేజీలు. 2022 నోటిఫికేషన్‌ల 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చిర్రు గదా, నాది 6:50కి వస్తుంది, పొద్దున మంచిగనే ఉరుకుతున్న. ప్రాబ్లమ్ అంతా సాయంత్రమే. 5కి లాంగ్‌జంప్‌కి పోతే కాళ్లు లేస్తలేవు, మూడో జంప్‌కే పిక్కలు పట్టేస్తున్నయి, నిన్నైతే ఇసుకలనే కూలబడ్డ, దోస్తు వచ్చి పాదం వెనక్కి వంచి పట్టుకుంటే గాని లేవలేదు. పొద్దున 7కి గ్రౌండ్ నుంచి రాంగనే రెండు చిన్న బాటిళ్ల నీళ్లు గటగట తాగి స్నానం చేసి లైబ్రరీకి పోత, ఏమన్న తినేసరికి 10 అయితది. జిమ్ అన్న ప్రోటీన్ పౌడర్ కొనమన్నడు, మా బాపు కౌలుకు చేస్తడు, అంత పెట్టలేను. ఇంకొకలు డబ్బాల వచ్చే తియ్యటి ఓఆర్ఎస్ తాగమంటున్నరు. తక్కువ ఖర్చుల ఏం చేయాలె చెప్పుండ్రి.

గ్రౌండ్_మాస్టారు:
తమ్ముడూ, పౌడర్ సంగతి మర్చిపో. నీ రెండు ప్రాక్టీసుల మధ్య ఉన్నదే పది గంటలు, అందులో మూడు గంటలు ఖాళీ కడుపుతో కూర్చుంటున్నావు. పరుగులో కండరాల్లో ఉన్న గ్లైకోజెన్, అంటే అక్కడ నిల్వ ఉండే చక్కెర, ఖర్చయిపోతుంది, అది మళ్లీ నిండాలంటే పిండిపదార్థం పడాలి, పరిగెత్తాక మొదటి గంట రెండు గంటల్లో కండరం దాన్ని బాగా లాక్కుంటుంది. రోజుకి ఒక్కసారే ప్రాక్టీస్ ఉన్నవాడు కాస్త ఆలస్యంగా తిన్నా రేపటికి సర్దుకుంటుంది, నీకు అంత టైమ్ లేదు. నీ బరువుకి గంటకి ఓ 60 గ్రాముల పిండిపదార్థం అనుకో. గ్రౌండ్ దగ్గరే రెండు అరటిపండ్లు తినెయ్, అవే 50 గ్రాముల దాకా వస్తాయి, ఆ తర్వాత నాలుగు ఇడ్లీలో ఉప్మానో. ప్రోటీన్ ఒక పూటకి 20 గ్రాములు చాలు, రెండు ఉడికించిన గుడ్లూ ఒక గ్లాసు పాలూ దాదాపు అంతే.

ఇంకోటి, రేపు రన్‌కి ముందు బరువు చూసుకో, అయ్యాక చెమట తుడుచుకుని మళ్లీ చూసుకో. తగ్గిన ప్రతి కేజీకి లీటరుంపావు నుంచి లీటరున్నర తాగాలి, ఒక్కసారే కాదు, రెండు మూడు గంటల్లో కొంచెం కొంచెంగా.

నల్గొండ_అక్క:
నీ బ్లాక్ టీషర్ట్ ఆరినంక తెల్లటి చారలు కనబడుతున్నయా తమ్మీ? నాకు మస్తు వచ్చేవి, వీపు మీద ముగ్గేసినట్టు. అంటే చెమటల ఉప్పు ఎక్కువ పోతున్నట్టు. అసొంటప్పుడు ఉత్త నీళ్లు గటగట తాగితే సగం ఒంటేలుకే పోతయి, ఒంట్ల నిలవడాలంటే ఉప్పు ఉండాలె. నేను ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు అమ్మ రాత్రి అన్నంల పెరుగు కలిపి ఉల్లిగడ్డ, ఉప్పు ఏసి స్టీలు డబ్బల పెట్టిచ్చేది, గ్రౌండ్ గోడ పక్కన కూసొని తినేదాన్ని, పైనుంచి ఉప్పేసిన పల్చటి మజ్జిగ. నీళ్లు, ఉప్పు, అన్నం అన్నీ అండ్లనే అయిపోతయి, హాస్టల్‌ల కూడ దొరుకుతది. కొబ్బరినీళ్లు మంచివే కాని అండ్ల పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, అవి తాగితే పక్కన ఇన్ని ఉప్పు పల్లీలు తినుర్రి.

మెడికల్_షాప్_కౌంటర్:
డబ్బా డ్రింక్ గురించి చెప్తా, రోజూ కౌంటర్‌లో చూస్తాను కాబట్టి. అసలు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. పేగులో సోడియం, గ్లూకోజ్ కలిసి లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి, అందుకే ఆ కొలత. ఆ తియ్యటి డబ్బాల్లో లాగా చక్కెర మరీ ఎక్కువైతే నీళ్లు పేగులోకే వెనక్కి లాగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. నీకు కావాలంటే పొడి ప్యాకెట్ కొనుక్కో, దాని మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నిట్లో మొత్తం ఒకేసారి కలుపు. చెమటలు కారిన రోజుకి అది చాలు, మిగతా రోజులు మజ్జిగే.

హన్మకొండ_1600:
చూసిన మాస్టారూ, ముందు 62.4, తర్వాత 61.2. నేను తాగేది లీటరు గూడ లేదనిపిస్తుంది. అక్కా, చారలు నిజంగనే ఉన్నయి, ఇన్నొద్దులు సబ్బు పోలేదనుకున్న! అరటిపండ్లు, పెరుగన్నం ఇయ్యాల మొదలుపెట్టిన, సాయంత్రం ఆరు జంపులు చేసిన, ఏడో దానికి పిక్క కొంచెం గుంజింది.

గ్రౌండ్_మాస్టారు:
1.2 కేజీ అంటే నీకు లీటరున్నర నుంచి 1.8 లీటర్ల దాకా పడుతుంది, పొద్దున పదింటిలోపు పూర్తి చెయ్యి. పిక్కలు గుంజడం ఒక్క ఉప్పు వల్లే కాదు, అలసిన కండరం కూడా అలాగే పట్టేస్తుంది, ఓ వారం జంపులు ఆరుకే ఆపి చూడు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, ఒంటేలు లేత పసుపులో ఉంటే సరే, ముదురు పసుపు అయితే ఇంకా తాగాలి, కానీ డికాషన్ రంగులో వచ్చి కండరాలు విపరీతంగా నొప్పి పెడుతుంటే నీళ్లు తాగుతూ కూర్చోకు, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లు. వచ్చే ఆదివారం మళ్లీ బరువు చూసి ఇక్కడ రాయి.