ఒకే ప్లాట్‌ఫామ్‌పై వేర్వేరు కార్లు: ఈ సంకేతనామాలు ఏం చెబుతాయి?

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, ఆడి ఏ3, స్కోడా ఆక్టేవియా మూడూ ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ వారి ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్‌పైనే (అంటే కార్లకు ఆధారంగా వాడే ఉమ్మడి నిర్మాణంపైనే) తయారయ్యాయని చదివాను. పొడవులోనూ చక్రాల మధ్య దూరంలోనూ తేడాలున్నప్పుడు ప్లాట్‌ఫామ్ ఒకటే అని ఎలా అంటారు? ఈ పేర్లకు ఏదైనా పద్ధతి ఉందా?

జవాబు 1: 2012లో వచ్చిన ఎంక్యూబీని ఒక చట్రంగా కాక, ముఖ్యమైన కొలతలు ముందే ఖరారైన భాగాల సముదాయంగా చూడాలి. ఇంజిన్‌ను అడ్డంగా అమర్చే ఈ పద్ధతిలో ముందు ఇరుసుకూ పెడళ్లకూ మధ్య దూరం స్థిరంగా ఉంటుంది. వెనుక ఇరుసు స్థానం, కారు వెడల్పు, ముందూ వెనుకా బయటికి పొడుచుకువచ్చే భాగాలు మాత్రం మోడల్‌ను బట్టి మారతాయి. ఇంజిన్ అమరిక, స్టీరింగ్, ఎదురుగా ఢీకొన్నప్పటి రక్షణ వంటి ఖరీదైన ఇంజినీరింగ్ ఎక్కువగా ఆ ముందు భాగంలోనే ఉంటుంది కనుక, నా దృష్టిలో అసలు ఆదా అక్కడే.

జవాబు 2: ఎంక్యూబీకి ముందటి ఫోక్స్‌వ్యాగన్ ప్లాట్‌ఫామ్ పీక్యూ35 పేరు మరింత స్పష్టమైనది: క్యూ అడ్డంగా అమర్చిన ఇంజిన్‌ను, 3 పరిమాణ తరగతిని, 5 తరాన్ని సూచిస్తాయి. టయోటా ప్లాట్‌ఫామ్‌ల కుటుంబమైన టీఎన్‌జీఏలో జీఏ-సీ కొరోలాకు, జీఏ-కే క్యామ్రీకి ఆధారం.

జవాబు 3: అయితే ప్లాట్‌ఫామ్ పేరు చూసి కారు నడక తీరును నిర్ణయించకూడదు. ఏడో తరం గోల్ఫ్‌లోనే తక్కువ శక్తి గల రకాలకు వెనుక టార్షన్ బీమ్‌ను (రెండు చక్రాలనూ ఒకే దూలంతో కలిపే సాదా సస్పెన్షన్), ఎక్కువ శక్తి గలవాటికి మల్టీలింక్ సస్పెన్షన్‌ను (ఒక్కో చక్రాన్ని విడిగా పలు కడ్డీలతో పట్టి ఉంచేది) ఇచ్చారు.