పాడైన డిస్క్ ఇమేజ్‌తో కెర్నెల్ కూలిపోతోంది: తనిఖీ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
లినక్స్ కోసం నేను రాస్తున్న ఫైల్ సిస్టమ్ మాడ్యూల్‌లో, ఈఎక్స్‌టీ2 (లినక్స్‌లోని ఒక పాత ఫైల్ సిస్టమ్) పద్ధతిలోనే, ప్రతి డైరెక్టరీ ఎంట్రీలో దాని పొడవు ఉంటుంది. ఆ పొడవును కూడుకుంటూ తరువాతి ఎంట్రీకి వెళతాను. ఫజ్జింగ్‌లో (కావాలని చెడగొట్టిన డేటాతో చేసే పరీక్షలో) దొరికిన ఒక ఇమేజ్‌ను మౌంట్ చేసి డైరెక్టరీని చదివించగానే, కోడ్ బఫర్ హద్దు దాటి చదువుతోందని కేసాన్ (కెర్నెల్‌లో మెమరీ తప్పులను పట్టే సాధనం) చూపిస్తోంది. మరో ఇమేజ్‌లో ఆ పొడవు సున్నా కావడంతో లూపు అసలు ముగియడం లేదు. లూపు మొదట్లో బగ్-ఆన్ (షరతు నిజమైతే కెర్నెల్ కోడ్‌ను అక్కడే ఆపేసే తనిఖీ) పెట్టాను. ఇది సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదు. డిస్క్‌పై ఉన్న అంకె తప్పయితే అది మీ కోడ్‌లోని తప్పు కాదు, బయటి నుంచి వచ్చిన డేటాలోని తప్పు. దానికి కెర్నెల్‌ను ఆపేస్తే, ఇమేజ్ తయారు చేసినవాడు కోరుకున్నది మీరే చేసి పెట్టినట్లు. పైగా ఆ క్షణంలో డైరెక్టరీ లాక్ పట్టుకున్న ప్రాసెస్ చనిపోతే, ఆ లాక్ కోసం వచ్చే మిగతా ప్రాసెస్‌లన్నీ ఎదురుచూస్తూ ఉండిపోతాయి. ఈయూక్లీన్ లోపాన్ని (ఫైల్ సిస్టమ్ పాడైందని తెలిపే కోడ్, ఎక్స్86లో 117) తిరిగి పంపండి. ఆ తరువాత కొనసాగాలా, రీడ్-ఓన్లీగా మార్చాలా, పానిక్ కావాలా అన్నది ఈఎక్స్‌టీ4లో మౌంట్ ఆప్షన్ ద్వారా నిర్వాహకుడు నిర్ణయించుకుంటాడు.

జవాబు 2:
తనిఖీల వరుస కూడా ముఖ్యమే. బ్లాక్‌లో 8 బైట్ల కన్నా తక్కువ మిగిలితే ఎంట్రీ శీర్షాన్నే చదవకూడదు. పొడవును ఒక్కసారే లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని, అది 4 గుణిజమా, 8కి పేరు పొడవు కలిపి 4 గుణిజానికి పెంచిన విలువకు తగ్గకుండా ఉందా (5 అక్షరాల పేరుకు 16) అని చూడండి. చివరగా దాన్ని మిగిలిన బైట్లతో పోల్చండి. ఆఫ్‌సెట్‌కు కలిపి బ్లాక్ సైజుతో పోలిస్తే, వేరియబుల్ చిన్నదైనప్పుడు ఆ మొత్తమే పొంగి (ఓవర్‌ఫ్లో అయి) తనిఖీని దాటిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ప్రతి బ్లాక్‌కూ సీఆర్‌సీ32సీ చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చూసేందుకు లెక్కించే అంకె) ఉంది కదా, ఇన్ని తనిఖీలు అవసరమా?

జవాబు 3:
ఆ చెక్‌సమ్ యాదృచ్ఛికంగా చెడిన బిట్లను పట్టుకుంటుంది, అంతే. అందులో రహస్య కీ ఏదీ లేదు కనుక, బ్లాక్‌ను మార్చినవారు చెక్‌సమ్‌ను కూడా మళ్లీ లెక్కించి రాయగలరు. మీ సూపర్‌బ్లాక్‌ను (ఫైల్ సిస్టమ్ మొత్తానికి సంబంధించిన వివరాలుండే బ్లాక్‌ను) కూడా ఒకసారి చూడండి: గ్రూపుకు ఐనోడ్‌ల (ఒక్కో ఫైల్ వివరాలుండే నమోదుల) సంఖ్య సున్నా అయితే దానితో భాగించే చోట కెర్నెల్ కూలుతుంది. అలాంటి విలువలను మౌంట్ సమయంలోనే తిరస్కరించవచ్చు, కానీ డైరెక్టరీ బ్లాక్‌లను మాత్రం చదివినప్పుడల్లా పరిశీలించక తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
మార్చాను. ఇప్పుడు రెండు ఇమేజ్‌లూ లోపాన్నే ఇస్తున్నాయి. అయితే కొత్తగా రాసిన లోపపు దారిలో బఫర్‌ను విడుదల చేయడం మరచిపోయానని ఇప్పుడే గమనించాను. దాన్ని సరిచేసి, ఆ రెండు ఇమేజ్‌లనూ పరీక్షల్లో చేర్చి ప్యాచ్ పంపుతాను.